అరవై నాలుగో మీటరు దగ్గర

1వ రోజు

ఈ చిట్టా దిగుడూరు పరీక్షాధికారికి ఒప్పజెప్పాల్సినది. అందుకని మర్యాదగా రాయమన్నారు. మర్యాదగానే మొదలుపెడుతున్నాను, ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేను.

పేరు ఎర్నమ్మ. వయసు ముప్పై నాలుగు. పని, మరమ్మతుశాలలో యంత్రాలు విప్పడం, బిగించడం, తిట్టడం. ఇవాళ్టి నుంచి నాకు అప్పగించిన పని, పొగగొట్టం గోడలెక్కి మసి గీకే యంత్రం తయారుచేయడం. పన్నెండేళ్లుగా అడుగుతున్నాను. ఇప్పటికి సరేనన్నారు.

మా ఊళ్లో రెండువేల రెండువందల మందికి అడుగున, పన్నెండో అంతస్తులో, ఒకటే వంటశాల. అక్కడి పొగ నూట యాభై మీటర్లు ఎక్కి నేల మీదికి పోవాలి. నేల మీద మనిషి పావుగంట నిలబడితే ఎండకి పడిపోతాడు గనక మేము కింద ఉన్నాం, పొగ పైకి పోతుంది. గొట్టంలో మసి బెత్తెడు పెరిగితే పొగ వెనక్కి తిరిగి ఊరంతా దగ్గుతుంది. అందుకే రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పొయ్యిలు ఆర్పి రెండు గంటలు చల్లారనిస్తారు. ఆ వేళలో గొట్టంలోకి మనిషి ఎక్కుతాడు. గోడకి వీపు ఆనించి, ఎదుటి గోడకి మోకాళ్లు తన్ని, పాక్కుంటూ.

అలా ఎక్కేవాళ్లు ఒకప్పుడు తొమ్మిదిమంది. ఇప్పుడు అసిరయ్య మావ ఒక్కడే. అరవై ఒకటి దాటాయి, దగ్గితే నల్లగా పడుతుంది. మా నాన్న గవరయ్య ఆ తొమ్మిదిమందిలో ఒకడు. నాకు పదహారేళ్లప్పుడు గొట్టంలోంచి పడిపోయాడు. ఎందుకు పడ్డాడో, ఎక్కడినుంచి పడ్డాడో ఎవరూ చెప్పలేదు.

నా యంత్రం తప్పు లేకుండా మూడుసార్లు ఎక్కి దిగితే మనిషి ఎక్కే తలుపుకి శాశ్వతంగా తాళం వేస్తారు. అదొక్కటే నాకు కావాలి. ఇంకో ఆడపిల్ల ఆ గొట్టం మూతి దగ్గర నిలబడి తండ్రి కోసం ఎదురుచూడకూడదు.

4వ రోజు

అసిరయ్య మావకి కొలతల తొడుగు వేశాను. ఆయన కాలు ఎక్కడ తన్నాడు, చెయ్యి ఎంత చాచాడు, అన్నీ అది రాసుకుంటుంది. ఆయన ఎక్కినట్టే నా యంత్రం ఎక్కాలి. నలభై ఏళ్ల పనితనాన్ని రెండు గంటల్లో దొంగిలిస్తున్నానని ఆటపట్టించాను.

"దొంగిలించుకోయే తల్లీ. నాతో బాటు కాటికి అట్టుకెల్లి ఏటి సేసుకుంటాను" అన్నాడు.

ఎక్కేముందు వంటశాలలో దాలమ్మత్త ఆయన జోలెలో పొగమ్మ ముద్దలు వేసింది. పొగగొట్టంలో పొగమ్మ అనే తల్లి ఉంటుందట, ముద్దలు పెట్టకపోతే మనిషిని లాగేస్తుందట. మా నాన్న కూడా రోజూ తీసుకెళ్లేవాడు. నాకు పెట్టిన ముద్ద కంటే పొగమ్మ ముద్దే పెద్దదని చిన్నప్పుడు అలిగేదాన్ని. అన్ని ముద్దలు తిని కూడా ఆ తల్లి మా నాన్నని లాగేసింది. ఆ మొక్కుల మీద నాకు అప్పటినుంచీ ఒళ్లు మంట.

దాలమ్మత్త లెక్కపెట్టి వేసింది. "ఐదు, ఆరు, మరొకటి."

మా ఊళ్లో ఎవరైనా అంతే. మెట్లు దిగే పిల్లలు కూడా ఆరు, మరొకటి, ఎనిమిది అంటారు. ఇరవై రెండేళ్ల కిందట నల్లమచ్చ జబ్బు వచ్చి ఆరుకీ ఎనిమిదికీ మధ్య అంతస్తులో అందరూ పోయారు. తలుపులకి గోడ కట్టి సున్నం కొట్టేశారు. అప్పటినుంచి ఆ అంకె ఎవరూ పలకరు.

తొడుగు రాసుకొచ్చినదాన్ని చూశాను. మావ అరవై నాలుగో మీటరు దగ్గర నాలుగు నిమిషాలు ఆగాడు.

"అక్కడెందుకు ఆగావు మావా?"

"ఊపిరి తీసుకోడానికమ్మా."

పాపం అనుకున్నాను.

11వ రోజు

గోడకి అంటుకునే రబ్బరు గిన్నెలు మసి మీద నిలవలేదు. అయస్కాంతాలకి ఇటుకలతో చుట్టరికం లేదు. చివరికి కాలికి పన్నెండేసి సన్నని కొక్కేలు పెట్టాను, పిల్లి గోళ్లలాంటివి. ఇటుకల సందుల్లో పట్టుకుంటాయి. ఆరు కాళ్లు, పొట్ట కింద బ్రష్షు, మూతి దగ్గర గీకుడు కత్తి. ముందువైపు కెమెరా. ఇటుక బోలుగా ఉందేమో తట్టి వినడానికి ఒక మైకు, పైన పనిచేసేవాళ్లని హెచ్చరించడానికి చిన్న స్పీకరు. తోక దగ్గర గొట్టంలో సున్నం మట్టి ముద్ద. గోడలో బీట కనిపిస్తే అదే పూడ్చేసుకుంటుంది. మసి గీకడం ఎవరైనా చేస్తారు, బీటలు పూడ్చడం నా సొంత తెలివి. ఆ తెలివికి మురిసిపోయానని కూడా ఇక్కడ రాయాలి.

మూడుసార్లు పడింది. నాలుగోసారి నిలిచింది. కాలు మడిచినప్పుడల్లా కిచకిచమంటుంది. దాలమ్మత్త ఆ చప్పుడు విని వేళ్లతో బల్ల తట్టి "సత్యం, సత్యం" అంది. దాంతో ఊరంతా దానికి బల్లి అని పేరు పెట్టేశారు.

17వ రోజు

బల్లి మొదటిసారి పైదాకా వెళ్లింది. కింద తెర మీద ప్రతి మీటరూ చూశాను.

ఒక్క వింత. అరవై నాలుగో మీటరు దగ్గర అది కూడా ఆగింది. ఆగి, కుడి ముందు కాలు వెనక్కి పోనిచ్చి, మళ్లీ గోడకేసి చాచింది. మళ్లీ వెనక్కి, మళ్లీ గోడకి. ఆరుసార్లు, మరొకసారి. తర్వాత పైకి కదిలింది. మావ ఎక్కిన తీరుని మరీ ఒబ్బిడిగా నేర్చుకున్నట్టుంది, ఆయన అలవాట్లతో సహా. పడీ పడీ నవ్వాను. ఆ నాలుగు నిమిషాలు తీసేశాను.

అసిరయ్య మావ నవ్వలేదు. "ఆ ఆగడం ఉండనీ అమ్మా" అన్నాడు. యంత్రానికి ఊపిరి అక్కర్లేదు మావా అన్నాను.

ఇవాళ్టితో ఆయన ఎక్కడం ఆపించాను. ఊపిరితిత్తుల కాగితం నేనే రాయించి పరీక్షాధికారి జోగారావుగారి సంతకం పెట్టించాను. పన్నెండేళ్లలో ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

18వ రోజు

అరవై నాలుగో మీటరు దగ్గర బల్లికి ఒక బీట దొరికింది. పిడికిలి పట్టేంత. కెమెరాలో నల్లగా, గుడ్డ పేలికలాంటి మసి పేరుకుని ఉంది. పూడ్చేసింది.

అంతకుముందు, పొద్దున్నే, అసిరయ్య మావ వచ్చాడు. "ఒక్కపాలి ఎల్లనీ. రేపట్నించి అడగను" అన్నాడు. కుదరదన్నాను. "పోనీ నీ బల్లి సేత ముద్దలు పంపించు" అన్నాడు. బ్రష్షులో మెతుకులు ఇరుక్కుంటాయి అన్నాను. చేతులు పట్టుకున్నాడు. పెద్దవాడు అలా పట్టుకుంటే నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. నువ్వూ మా నాన్నలాగే పడి చావాలా అని అరిచేశాను.

ఆయన ఏదో చెప్పబోయి, తలుపు దగ్గరున్న కాపలావాణ్ని చూసి ఊరుకున్నాడు.

19వ రోజు

నిన్న పూడ్చిన బీట మళ్లీ తెరుచుకుంది. మట్టి పెచ్చులన్నీ పొయ్యిల్లో పడ్డాయి. దాలమ్మత్త నన్ను తిట్టింది. మళ్లీ పూడ్పించాను.

20వ రోజు

మళ్లీ ఊడింది. తప్పు నాదే, నీళ్లు ఎక్కువయ్యాయి. ఇనుప రజను కలిపి గట్టి ముద్ద చేశాను. ఇటుక కన్నా గట్టిది. నా పని నాకే సవాలు విసిరితే నేను ఊరుకోను.

21వ రోజు

నిలిచింది.

25వ రోజు

ఐదో రోజు కూడా నిలిచింది. జోగారావుగారు చూసి రెండు ప్రయాణాలు తప్పు లేనివని రాశారు. మూడోది ఇరవై ఎనిమిదిన, ఊరందరి ముందు, భోజనశాలలో పెద్ద తెర మీద. ఆ తర్వాత తాళం.

అసిరయ్య మావ మంచం పట్టాడని చెప్పారు. పని మానేసిన మగాళ్లకి మామూలే అనుకున్నాను. కటువైన మాటే, అయినా రాస్తున్నాను. కొట్టెయ్యను.

27వ రోజు

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

మధ్యాహ్నం వంటశాలకి వెళ్లాను. దాలమ్మత్త గిన్నె కడుగుతూ అడిగింది. "ముద్దలు ఇంక సెయ్యక్కర్లేదా?"

"ఎవరు తింటారత్తా? పొగమ్మా?"

"నాకేటి తెలుసు. నానీ వంటకి వచ్చిన కొత్తల్లో ముప్పై నాలుగు సేసేదాన్ని. ఓ దినం మీ నాన్న దిగొచ్చి 'రేపట్నించి ఒకటి తగ్గించు' అనీవోడు. అలా తగ్గించుకుంటా వచ్చినాం. ఎందుకని నాను అడగనేదు, ఆడు సెప్పనేదు."

ఊరికే విన్నాను. ఆశపోతు దేవతేం కాదన్నమాట అనుకున్నాను.

"ఓపాలి మాత్తరం పెంచమన్నాడు" అంది. "ఒక్కటే. మెత్తగా పిసికి, ఉప్పు లేకుండా సెయ్యమన్నాడు. ఆడు పోయిన సమ్మచ్చరమే అది."

ఉప్పు లేకుండా మెత్తగా పిసికిన ముద్ద ఎవరికి పెడతారో నాకు పిల్లలు లేకపోయినా తెలుసు.

మరమ్మతుశాలకి ఎలా వచ్చానో గుర్తులేదు. బల్లి మైకులో పదిరోజుల చప్పుళ్లు ఉన్నాయి. బోలు ఇటుకల చప్పుడు తప్ప మిగతావన్నీ రొదగా లెక్కేసి తీసేయమని నేనే దానికి చెప్పాను. తీసేసినవి మళ్లీ పెట్టి విన్నాను. అరవై నాలుగో మీటరు దగ్గర గోడ లోపలినుంచి తడుతున్నారు. ఏడు దెబ్బలు, ఆగడం. ఏడు దెబ్బలు, ఆగడం. పద్దెనిమిదో రోజున గట్టిగా. ఇరవై మూడున మెల్లగా. నిన్న ఏడు పూర్తికాలేదు, నాలుగు దగ్గరే ఆగిపోయాయి.

రొద అని పేరు పెట్టాను దానికి.

అసిరయ్య మావ దగ్గరికి పరిగెత్తాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అరవై నాలుగో మీటరంటే గోడ కట్టేసిన అంతస్తే. ఏడో అంతస్తులో ఎవరున్నారు అని అడిగాను. ఆ అంకె నా నోట వినగానే లేచి కూర్చున్నాడు.

"మనుసులమ్మా. ఇంకెవులుంటారు."

అంతా చెప్పాడు. జబ్బు వచ్చినప్పుడు ఆ అంతస్తులో సగం మందికి మచ్చ కూడా లేదు. అయినా గోడ కట్టేశారు. ఎవరు తెరిస్తే వాళ్లని, వాళ్ల ఇంటివాళ్లని కూడా లోపలేసి మూయాలని చట్టం చేశారు. నెల తిరక్కుండా మా నాన్న గొట్టం ఎక్కుతుంటే లోపలినుంచి తట్టారు. ఒక ఇటుక పీకాడు. ఒక చెయ్యి వచ్చింది. లోపల గోడ చెమ్మ నీళ్లున్నాయి, పాత గని దారుల్లోంచి గాలి వస్తుంది, పుట్టగొడుగులు పెంచుకుంటారు. వాటితో కడుపు నిండదు. ఆ రోజునుంచి తొమ్మిదిమంది వంతులేసుకుని ముద్దలు మోశారు. పొగమ్మని పుట్టించింది మా నాన్నే. పొయ్యిలు వెలిగించే వేళకి లోపలివాళ్లు కన్నంలో గుడ్డ కుక్కుకునేవారు.

మసిలో గుడ్డ పేలిక. నేను చూశాను దాన్ని.

"నాకెందుకు చెప్పలేదు మావా?"

"నీకెలా సెప్తాను? సెప్తే నిన్నూ ఏస్తారు లోపల. నీకేటీ తెలీకూడదని గవరయ్య మా సేత ఒట్టేయించుకున్నాడు."

"నాన్న ఎలా పడ్డాడు?"

చాలాసేపు దగ్గాడు. "లోపల ఒకావిడకి ఆడగుంట పుట్టింది. దాన్ని బయటికి తీద్దారని కన్నం పెద్దది సేత్తన్నాడు. రెండో ఇటిక ఊడొచ్చీసింది. ఇటికతో పాటు ఆడూ వచ్చీసినాడు."

పద్దెనిమిదేళ్లు నేను గొట్టాన్ని తిట్టాను, దేవతని తిట్టాను. ఇనుప రజను కలిపి, ఇటుక కన్నా గట్టిగా, ఆయన ఏ కన్నం కోసం చచ్చిపోయాడో ఆ కన్నాన్ని పూడ్చాను. పైగా నిలిచిందని చిట్టాలో రాసుకున్నాను.

పొయ్యిలు మళ్లీ వెలిగించేశారు. రేపు మధ్యాహ్నం దాకా గొట్టంలోకి ఏదీ పోలేదు, యంత్రం కూడా కరిగిపోతుంది. ఆర్పమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే జోగారావుగారు ముందు బల్లిని తీసుకుపోతాడు, తర్వాత నన్ను. చెప్పాల్సింది ఒక్కడికి కాదు, ఊరందరికీ ఒకేసారి. రేపటి దాకా ఓర్చుకోమని ఆ గోడకి ఎలా చెప్పను?

బల్లి మూతికి గీకుడు కత్తి తీసేసి ఉలి బిగించాను. వీపు మీద రేకు డబ్బా పెట్టాను. తీసేసిన నాలుగు నిమిషాలూ వెనక్కి పెట్టాను.

28వ రోజు

భోజనాల వేళకే దాలమ్మత్త దగ్గరికి వెళ్లాను. "ఏడు ముద్దలు కావాలత్తా" అన్నాను. మరొకటి అనలేదు. ఆవిడ నా మొహం చూసి గరిటె కింద పెట్టింది. ఏమీ అడగకుండా, పెద్దవిగా, నెయ్యి చేత్తో అద్ది మరీ ముద్దలు కట్టింది. పొయ్యిలు ఆరగానే డబ్బాలో పెట్టింది.

భోజనశాలలో ఆరేడువందల మంది ఉన్నారు. కంచాలు ఇంకా ఎత్తలేదు. జోగారావుగారు బల్లి గురించీ నా గురించీ నాలుగు మంచి మాటలు చెప్పాడు. తెర వెలిగింది. కిచకిచమంటూ బల్లి ఎక్కింది. పది, ఇరవై, నలభై. పిల్లలు మీటర్లు లెక్కపెడుతున్నారు.

అరవై నాలుగు దగ్గర ఆగింది.

"ఆగిందేం?" అన్నాడు జోగారావుగారు.

నేను ఉలి మీట నొక్కాను. నా గట్టి ముద్ద రాలడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అది ఎంత గట్టిదో నాకు తెలుసు. ఆఖరి పెచ్చు ఊడాక తెర మీద చీకటి కన్నం మిగిలింది. హాలంతా చూస్తోంది, దేన్ని చూస్తున్నారో వాళ్లకి తెలియదు. నేను స్పీకరు తెరిచి "ముద్దలు తెచ్చాను" అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు.

కన్నంలోంచి ఒక చెయ్యి వచ్చింది.

ఎవరో కంచం వదిలేశారు. అది గచ్చు మీద తిరిగి తిరిగి పడింది.

తెల్లగా, పాలిపోయిన చెయ్యి. చిన్నది. ఎండ కాదు కదా, దీపం కూడా ఎక్కువ చూడని చెయ్యి. దానికి పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు ఉంటాయి. వెనకనుంచి ఒక ముసలి గొంతు మైకులో వినిపించింది.

"అసిరయ్యా? ఇన్నాళ్లేటయిపోనావురా?"

"అసిరయ్య మావకి ఒంట్లో బాగాలేదమ్మా. నేను ఎర్నమ్మని. గవరయ్య కూతుర్ని."

ఆ గొంతు కన్నం దగ్గరికి జరిగింది. "ఎర్నమ్మవా. నాను నూకాల్ని. డబ్బా మూతలకి సక్రాలు ఎట్టి ఆడుకున్న గుంటవే గదా. ఎనకపన్ను ఊడిందని మీ అయ్య సెప్పినాడు. మళ్లీ వచ్చిందా?"

వచ్చిందన్నాను. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోలేదు కూడా.

జోగారావుగారు "ఆపండి ఆ కెమెరా" అన్నాడు. గొంతు పెద్దగా లేదు, తనలో తాను అనుకున్నట్టే ఉంది. ఎవరూ కదల్లేదు. దాలమ్మత్త తెరకీ ఆయనకీ మధ్య వచ్చి నిలబడింది. చేతిలో గరిటె కూడా లేదు, ఊరికే నిలబడింది.

"ఇరవై రెండేళ్లు నా సేత్తో అన్నం ఎట్టినాను ఆళ్లకి" అంది. "నాకే తెల్దు."

బల్లి డబ్బా మూత తెరిచింది. కుడి ముందు కాలు చాచి ఒక్కొక్క ముద్దా అందించింది, మావ దగ్గర నేర్చుకున్నట్టే. ఆ చెయ్యి అందుకుని లోపలికి తీసుకుంటోంది. భోజనశాలలో ఒక పిల్ల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తర్వాత అందరూ. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.

ఏడో ముద్ద ఆ చెయ్యి అందుకుంది. అరచేతిలో కాసేపు ఉంచుకుంది. తర్వాత జాగ్రత్తగా, చిదిమిపోకుండా, బల్లి డబ్బాలో వెనక్కి పెట్టింది.

"రేపట్నించి ఒకటి తగ్గించమని సెప్పమ్మా" అంది నూకాలు.

ఎవరని అడగడానికి నాకు నోరు రాలేదు. నిన్ననా, మొన్ననా, ఇనుప రజను గట్టిపడిన ఏ రోజున అని అడగడానికి అసలే రాలేదు.

అసిరయ్య మావని ఎవరు లేపుకొచ్చారో తెలియదు, హాలు గుమ్మంలో ఉన్నాడు. ఏడో అంతస్తు మెట్ల దగ్గర జనం సున్నం కొట్టిన గోడని చేతులతో తడుముతున్నారు. చట్టం ఏమంటుందో జోగారావుగారు చదివి వినిపించబోయాడు. ఊరందర్నీ లోపలేస్తే బయటినుంచి గోడ ఎవరు కడతారని ఒక ముసలాయన అడిగాడు. గునపాలు తెస్తున్నారు. మొదటి దెబ్బ నన్ను వెయ్యమన్నారు. నాకు ఆ అర్హత లేదన్నాను. మావ వేశాడు.

బల్లి దిగింది. డబ్బాలో ముద్ద నా ఎదురుగా బల్ల మీద ఉంది. చల్లారిపోయింది, ఒక పక్క నాలుగు వేళ్ల అచ్చులు నల్లగా పడ్డాయి. పైనుంచి గునపాల చప్పుడు వస్తోంది. మూడో ప్రయాణంలో యంత్రానికి తప్పేమీ లేదు. తప్పు నాది. ఈ చిట్టా ఒక్క మాట కూడా కొట్టెయ్యకుండా ఇస్తున్నాను.